ఏడుగురు, ఒక గది: పిల్లల పక్క ఎక్కడో ఎవరి లెక్కలో ఉంది?

1995లో అమెరికా మానవశాస్త్రవేత్త రిచర్డ్ ష్వేడర్ మరో ఇద్దరు పరిశోధకులతో కలిసి ఒక వ్యాసం ప్రచురించాడు. ఇంట్లో ఎవరు ఎవరి పక్కన పడుకుంటారన్నది దాని విషయం. భువనేశ్వర్‌లో కొందరికీ, షికాగోలోని హైడ్ పార్క్‌లో కొందరికీ ఒక ఊహా కుటుంబాన్ని ఇచ్చారు. తండ్రి, తల్లి, 15, 11, 8 ఏళ్ల కొడుకులు, 14, 3 ఏళ్ల కూతుళ్లు. మొత్తం ఏడుగురు. ఇంట్లో రెండు గదులుంటే వీళ్లను ఎలా సర్దుతారు, మూడుంటే ఎలా, ఇంకా ఎక్కువుంటే ఎలా అని అడిగారు. వచ్చిన జవాబుల్లోంచి ఆ సమాజాల నీతి సూత్రాలను బయటికి తీశారు. ఒడియా కుటుంబాల్లో వావివరుసల నియమం, పసివాళ్లను ఒంటరిగా పడుకోబెట్టకూడదన్న పట్టింపు, ఈడొచ్చిన ఆడపిల్ల పరువు గురించిన భయం, ఎదిగిన మగపిల్లల హోదా కనిపించాయి. అమెరికన్ల జవాబుల్లో భార్యాభర్తల ఏకాంతానికి పెద్దపీట దక్కింది.

మంచి వ్యాసమే. కోల్‌కతాలో ఎం.ఏ. చదివే రోజుల్లో తరగతి కోసం దాన్ని చదివాను. చదువుతుంటే నాకు ఒక ప్రశ్న వచ్చింది. ఒకే గది ఉంటే? ఆ పద్ధతి ప్రకారం దానికి జవాబు ఒక్కటే, ఏడుగురూ ఆ గదిలోనే. ఎంచుకోవడానికి ఏమీ లేదు కనుక విశ్లేషించడానికీ ఏమీ ఉండదు.

నేను ఏడుగురున్న ఒక గదిలోనే పుట్టి పెరిగాను. ఆ గదిలో ఎవరు గోడ వైపు, ఎవరు గుమ్మం దగ్గర, ఎవరు స్టవ్ పక్కన, ఎవరు మంచం కింద అన్నది ప్రతి ఏడూ మా అమ్మ కొత్తగా తేల్చాల్సి వచ్చేది. ఒక గది ఇంట్లో పిల్లల పక్క ఎక్కడన్నది వాళ్ల చదువునీ, ఆడపిల్ల పెళ్లి వయసునీ తేలుస్తోందని నా వాదన. ఎవరికి ఎంత గది దక్కాలో ఈ దేశంలో చాలావరకు కులం తేలుస్తోంది. అయినా గృహవసతి గురించి ప్రభుత్వం వేసే లెక్కల్లో పిల్లల పక్క లేదు.

లైను గదిలో పక్కల క్రమం

హుగ్లీ ఒడ్డున ఉన్న జనపనార మిల్లులకు గంజాం, విశాఖపట్నం జిల్లాల నుంచి తెలుగువాళ్లు వందేళ్ల కిందటే వచ్చారు. బీహారు, ఉత్తరప్రదేశ్ కార్మికుల్లో ఎక్కువమంది భార్యాపిల్లలను ఊళ్లో వదిలి వచ్చేవారు. తెలుగువాళ్లు కుటుంబాలతో వచ్చారు. ఆడవాళ్లు కూడా మిల్లులో పనిచేశారు. అప్పటి ప్రభుత్వ నివేదికల్లో వీళ్ల పేరు ‘మద్రాసీలు’. టిటాగఢ్‌లో, కమర్‌హటిలో, గార్డెన్ రీచ్‌లో, హౌరాలో, రిష్రాలో ఇవాళ్టికీ తెలుగు వినిపించడానికి కారణం ఈ వలసే. మా ముత్తాత శ్రీకాకుళం పక్క పల్లె నుంచి వచ్చిన మాలవాడు. ఊళ్లో సెంటు భూమి లేదు. ఇక్కడ మిల్లు పనితోపాటు లైనులో ఒక గది దొరికింది.

ఆ లైను గదులు వరుసగా, ఒకదాని వెన్ను ఒకదానికి ఆనించి కట్టినవి. ఒక పనివాడు షిఫ్టు దిగి వచ్చి నడుం వాల్చడానికి సరిపోయే కొలత. ఆ పనివాడికి పిల్లలు పుడతారని, ఆ పిల్లలు పెరుగుతారని ఆ కొలతలో ఎక్కడా లేదు. మా గది పదడుగుల పొడవు, తొమ్మిది అడుగుల వెడల్పు. ఒకే గది ఉన్న ఇంట్లో ఆ గది కనీసం 9.5 చదరపు మీటర్లు, అంటే దాదాపు 102 చదరపు అడుగులు ఉండాలని నేషనల్ బిల్డింగ్ కోడ్ చెబుతుంది. మాది 90. అందులో మామ్మ, అమ్మ, నాన్న, అన్న, అక్క, నేను, తమ్ముడు.

కోల్‌కతా బస్తీ ఇళ్లలోకి వెళ్లినవాళ్లకు ఇటుకల మీద ఎత్తిన మంచం తెలిసే ఉంటుంది. చౌకీ అంటారు దాన్ని. కాలికి నాలుగేసి ఇటుకలు పెడితే కింద ఇంకో గది వచ్చినట్టే. బియ్యం డబ్బా, రేకు పెట్టె, బొంతలు, వాటి మధ్య ఒక చాప. వానాకాలం గదిలోకి నీళ్లొస్తే కింద ఉన్నవన్నీ, పిల్లలతో సహా, పైకి ఎక్కాలి.

చంటిపిల్ల అమ్మ పక్కన మంచం మీద. తర్వాతి కాన్పు రాగానే ఆ పిల్ల మామ్మ పక్కకు మారుతుంది. మామ్మ దగ్గర ఉన్న పిల్ల మంచం కిందికి దిగుతుంది. మంచం కింద ఉన్నది మగపిల్లాడైతే పదకొండో ఏడు, పన్నెండో ఏడు వచ్చేసరికి బయటి అరుగు మీదికి పోతాడు. బెంగాలీలో రోక్ అంటారు దాన్ని. అక్కడ లైనులోని మగపిల్లలందరూ వరుసగా పడుకుంటారు. గాలి వస్తుంది, వీధి దీపం ఉంటుంది, పెద్దవాళ్ల కబుర్లు చెవిన పడతాయి. మా అన్న ఆ వీధి దీపం కింద చదివే పదో తరగతి గట్టెక్కాడు.

ఆడపిల్లకు అరుగు లేదు. మంచం కిందికి దిగిన ఆడపిల్ల ఇక అక్కడే ఉండాలి. గదిలో ఉన్నది ఒక్క బల్బు. మంచం కింద బోర్లా పడుకుని పుస్తకం తెరిస్తే వెలుగు అట్టదాకా వచ్చి ఆగిపోయేది. నాన్నకు తెల్లవారుజాము షిఫ్టు ఉన్న వారం తొమ్మిదింటికే బల్బు ఆరిపోయేది. అక్క పెద్దమనిషి అయ్యాక మంచం కింద కూడా చోటు లేకుండా పోయింది. రెండు గదుల అవతల ఒంటరిగా ఉండే ఒక పెద్దమ్మ ఇంట్లో రాత్రిపూట పడుకోవడానికి పంపేవాళ్లు. ఆ పెద్దమ్మ కొడుకు కుటుంబంతో తిరిగి వచ్చేసరికి ఆ ఏర్పాటూ ముగిసింది. అప్పుడు మామ్మ మా అమ్మతో అన్న మాట నాకు గుర్తుంది. “ఒలే, దీన్నింక ఎక్కడ తొంగోబెడతావు?” ఏడాది తిరగకుండా అక్కకు ఆమదాలవలస సంబంధం కుదిరింది. అప్పటికి పదకొండో తరగతిలో ఉంది. పదిహేడేళ్లు. మంచి సంబంధమనీ, కట్నం అడగలేదనీ అందరూ అన్నారు. అవి నిజమే. ఆ గదిలో ఆమెకు పక్క లేకపోవడం కూడా అంతే నిజం.

భువనేశ్వర్ వ్యాసంలోని సూత్రాలన్నీ మా గదిలోనూ ఉన్నాయి. వావివరుసలున్నాయి, పసివాళ్ల రక్షణ ఉంది, పరువు ఉంది, మగపిల్లాడి హోదా ఉంది. గదులు ఎక్కువగా ఉన్న ఇంట్లో ఈ నియమాల బరువును గోడలు మోస్తాయి. గోడలు లేని ఇంట్లో ఆ బరువు మొత్తం ఒక ఆడపిల్ల మీద పడుతుంది. పరువు సూత్రం బ్రాహ్మణీయ పితృస్వామ్యం నుంచి వచ్చిందే, దాన్ని మనం మన ఇళ్లలోకి కూడా రానిచ్చాం. రెండు పడక గదులున్న సవర్ణ కుటుంబం ఆ సూత్రాన్ని పాటించినా ఆడపిల్ల చదువు ఆగకపోవచ్చు. ఒక గది దళిత కుటుంబం అదే సూత్రాన్ని పాటిస్తే పిల్ల ఇల్లు దాటి వెళ్లాల్సిందే.

కలిసి పడుకోవడంలో తప్పు లేదు

పిల్లలకు విడి గది ఉండటమే నాగరికత అనడం నా ఉద్దేశం కాదు. తల్లి పక్కన, మామ్మ పక్కన పడుకుని పెరగడం మన దగ్గర అన్ని కులాల్లోనూ ఉంది. దక్షిణ కోల్‌కతా ఫ్లాట్లలో కూడా పదేళ్ల పిల్లలు అమ్మానాన్నల మంచం మీదే పడుకుంటారు. విడి గదులు అలవాటైన అమెరికాలోనే అక్కడి పిల్లల వైద్యుల సంఘం పసిబిడ్డ కనీసం ఆరు నెలలు తల్లిదండ్రుల గదిలోనే, అయితే విడి పక్క మీద పడుకోవాలని చెబుతోంది. రెండో బిడ్డ పుట్టాక మొదటి బిడ్డను ఎప్పుడు, ఎలా వేరు పడుకోబెట్టాలి అన్న చర్చ ఇవాళ తెలుగు మధ్యతరగతి ఇళ్లలోకి కూడా వచ్చింది. పిల్లల మనసు గురించి ఆలోచించడం మంచిదే. అయితే ఆ సలహాలన్నీ రెండో గది ఉందన్న చోట మొదలవుతాయి. మామ్మ దగ్గు, నాన్న షిఫ్టు, గదిలోకి వచ్చే వాననీళ్లు ఏ సలహాలోనూ ఉండవు.

బాబాసాహెబ్ పడుకున్న చోటు

ధనంజయ్ కీర్ రాసిన అంబేడ్కర్ జీవితచరిత్రలో పరేల్ లోని ఒక చాల్ గది వర్ణన ఉంది. సామాన్లతో, పొగతో నిండిన ఒకే గది. వంట అందులోనే, నిద్ర అందులోనే. కుర్రవాడైన భీమ్‌రావు పక్క తిరగలి రాయి దగ్గర. పాదాల దగ్గర ఒక మేక. ఇద్దరికి చోటు లేదు కనుక తండ్రి రాంజీ ఒక ఏర్పాటు చేశారు. కొడుకును తొందరగా పడుకోబెట్టి తాను రాత్రి రెండింటిదాకా మేలుకుని ఉండేవారు. రెండింటికి కొడుకును లేపి చదువుకు కూర్చోబెట్టి, ఆ చోట తాను పడుకునేవారు.

ఈ కథను మనం పట్టుదలకు ఉదాహరణగా చెప్పుకుంటాం. పట్టుదల ఉంది, కాదనను. గృహవసతి కోణంలో చూస్తే ఒక పిల్లవాడి చదువు కోసం ఒక తండ్రి తన నిద్రను వంతుల్లో పంచుకోవాల్సి వచ్చిన కథ కూడా ఇది. ఆ ఇంట్లో ఆ వంతు కొడుకుకు దక్కింది. మా లైనులో కూతురి కోసం రెండింటిదాకా మేలుకున్న తండ్రిని నేను చూడలేదు. కూతురి కోసం మేలుకున్న తల్లులను చూశాను.

1942 నుంచి 1946 వరకు వైస్రాయ్ కార్యనిర్వాహక మండలిలో కార్మిక శాఖ చూసినప్పుడు బాబాసాహెబ్ ఈ సమస్యను మరో వైపు నుంచి పట్టుకున్నారు. అంతకుముందే, 1931లో నివేదిక ఇచ్చిన రాయల్ కమిషన్ ఆన్ లేబర్ హౌరా బస్తీల ఇరుకును ప్రత్యేకంగా ఎత్తిచూపింది. తల్లులు పనిలో ఉండగా పసిబిడ్డలు మిల్లు లోపలే గోనె సంచుల మీద, బాబిన్ పెట్టెల్లో, యంత్రాల హోరులో, దుమ్ములో పడుకుంటున్నారని రాసింది. పగలు బిడ్డ ఎక్కడ పడుకోవాలన్నది కూడా కార్మిక సమస్యే అన్నమాట. 1943 డిసెంబరులో బాబాసాహెబ్ ధన్‌బాద్, రాణిగంజ్ బొగ్గు గనులకు వెళ్లి, భూమి లోపలికి దిగి, కార్మికుల ఇళ్లు కూడా చూశారు. 1944లో బొగ్గు గని కార్మికుల సంక్షేమ నిధి వచ్చింది. గని యజమానులు పసిపిల్లల గదులు ఏర్పాటు చేయాలని నియమాలు చేసేందుకు వీలుగా గనుల చట్టానికి సవరణ తెచ్చారు. 1946లో ఆ నియమాలు వచ్చాయి. 1948 ఫ్యాక్టరీల చట్టం 50 మందికి మించి స్త్రీలు పనిచేసే చోట క్రెష్ ఉండాలంది. తర్వాత 1976లో ఆ సంఖ్యను 30కి తగ్గించారు. జనపనార మిల్లులు మాత్రం ఆడవాళ్లనే తగ్గించుకుంటూ పోయాయి.

మనకు ఇందులో ఒక పాఠం ఉంది. పసిబిడ్డ పడుకునే చోటును బాబాసాహెబ్ తల్లి సొంత సమస్యగా వదిలేయలేదు. యజమాని మీద, రాజ్యం మీద చట్టబద్ధమైన బాధ్యతగా పెట్టారు. పగటి నిద్ర విషయంలో వచ్చిన ఆ ఆలోచన రాత్రి నిద్ర దాకా, అంటే ఇంటి దాకా రాలేదు.

జంటలను లెక్కపెట్టే ప్రభుత్వం

2011 జనగణన ప్రకారం దేశంలో దాదాపు 37 శాతం కుటుంబాలు ఒకే గదిలో ఉన్నాయి. మరో 4 శాతం కుటుంబాలకు తమకంటూ ఒక గది కూడా లేదు. కోల్‌కతా నగరపాలక సంస్థ పరిధిలో జనాభాలో 31 శాతం, అంటే 14 లక్షల మంది మురికివాడల్లో ఉన్నారు.

2012లో అమితాబ్ కుండూ అధ్యక్షతన పట్టణ గృహ కొరతపై సాంకేతిక బృందం ఒక నివేదిక ఇచ్చింది. మొత్తం కొరత 1.878 కోట్ల ఇళ్లు. అందులో 1.499 కోట్లు ఇరుకు వల్ల వచ్చిన కొరత. ఇల్లు లేనివాళ్ల కంటే, ఉన్న ఇల్లు చాలనివాళ్లే ఎన్నో రెట్లు ఎక్కువ అని అది స్పష్టంగా చూపింది. కొరతలో 95 శాతానికి పైగా ఆర్థికంగా బలహీన, అల్పాదాయ వర్గాలదే. విలువైన పని అది. అయితే ఇరుకును ఎలా కొలిచారో చూడండి. వివాహిత జంటకు విడి గది లేకపోతే అది ఇరుకు. లెక్క జంట దగ్గర మొదలవుతుంది. భర్త చనిపోయిన తల్లి ముగ్గురు పిల్లలతో ఒక గదిలో ఉంటే అక్కడ జంట లేదు కనుక ఆ కొలతకు అందే ఇరుకూ లేదు. పిల్లల పక్క అన్నది విడిగా ఒక అవసరంగా ఆ కొలతలో లేదు. జనగణన కూడా ఇంట్లో ఎన్ని గదులు, ఎన్ని వివాహిత జంటలు అని అడుగుతుంది.

మన దగ్గరే ఇలా ఉందనుకోవద్దు. బ్రిటన్ 1985 గృహ చట్టం ఇరుకును లెక్కించేటప్పుడు ఏడాది లోపు బిడ్డను అసలు లెక్కలోకి తీసుకోదు. పదేళ్ల లోపు పిల్లలను సగం మనిషిగా లెక్కిస్తుంది. తేడా ఏమిటంటే అక్కడ పదేళ్లు దాటిన ఆడపిల్ల, మగపిల్లాడు ఒకే గదిలో పడుకోవాల్సి వస్తే దాన్ని చట్టమే ఇరుకుగా గుర్తిస్తుంది. ఆ వయసు దాటిన పిల్లలకు విడి చోటు కావాలని ఒప్పుకున్న మాట చట్టంలో ఉంది. మన చట్టాల్లో దానికి సమానమైన హక్కు లేదు. మన దగ్గర ఆ వయసులో చోటు వెతికేది అమ్మ. దొరక్కపోతే పెళ్లి.

ప్రధానమంత్రి ఆవాస్ యోజన పట్టణ పథకం 2015లో మొదలైనప్పుడు బలహీన వర్గాల ఇంటికి 30 చదరపు మీటర్ల కార్పెట్ ఏరియా గరిష్ఠంగా పెట్టింది. ఆంధ్రప్రదేశ్‌లో 2020 డిసెంబరులో ఇచ్చిన ఇళ్ల పట్టాలు పట్టణాల్లో ఒక సెంటు, పల్లెల్లో సెంటున్నర. తెలంగాణ డబుల్ బెడ్‌రూం పథకం 560 చదరపు అడుగులు అన్నది. కట్టినవి ఎన్ని, ఇచ్చినవి ఎన్ని అన్న విమర్శ వేరే ఉంది. అయినా రెండో పడక గదిని పేదవాడి ఇంటి పేరులోనే చేర్చడం ఒక రాజకీయ విజయమని నేను అనుకుంటాను. ఎదిగే పిల్లలున్న ఇంటికి రెండో గది విలాసం కాదని ఆ పేరు ఒప్పుకుంది. ఈ పథకాలన్నిటిలోనూ ఇల్లు అందరికీ ఒకే కొలతలో వస్తుంది. ఇద్దరున్న కుటుంబానికీ అంతే, ఏడుగురున్న కుటుంబానికీ అంతే. రేషన్ బియ్యం చాలామందికి మనిషి లెక్కన ఇచ్చే రాజ్యం చోటును మాత్రం మనిషి లెక్కన ఇవ్వదు.

ఇంటి బయట దొరికే పక్క

ఇంట్లో లేని పక్కను బయట ఏర్పాటు చేయడం అంబేడ్కరైట్ ఉద్యమానికి మొదటి నుంచీ తెలిసిన మార్గం. బహిష్కృత హితకారిణి సభ 1925 జనవరిలో షోలాపూర్‌లో విద్యార్థి వసతిగృహం తెరిచింది. తెలుగు రాష్ట్రాల్లో సాంఘిక సంక్షేమ వసతిగృహాలు, గురుకులాలు ఎన్ని లోపాలతో నడిచినా, వేలమంది దళిత పిల్లలకు తమదంటూ ఒక ట్రంకు పెట్టె, ఒక చాప, దీపం ఆర్పే వేళ ఇచ్చినవి అవే. ఇప్పుడు మీతో పాటు విశ్వవిద్యాలయంలో చదువుతున్న దళిత మిత్రులను అడగండి. మొదటిసారి విడి పక్క మీద ఎప్పుడు పడుకున్నావంటే చాలామంది హాస్టల్ పేరే చెబుతారు.

కోల్‌కతా తెలుగు దళితులకు ఆ తలుపు కూడా మూసి ఉంది. షెడ్యూల్డు కులాల జాబితా రాష్ట్రానికి ఒకటి. పశ్చిమ బెంగాల్ జాబితాలో ‘మాల’ కోసం వెతికితే దొరకదు. దగ్గరగా కనిపించే ‘మాల్’ వేరే కులం. ఒక రాష్ట్రంలో ఉన్న షెడ్యూల్డు హోదా వలస వెళ్లిన రాష్ట్రానికి వెంట రాదని 1990లో మర్రి చంద్రశేఖరరావు కేసులో సుప్రీంకోర్టు తేల్చింది. అంటే మా ముత్తాత ఏ కులం వల్ల ఊళ్లో భూమి లేక ఇక్కడికి వచ్చాడో, ఆ కులానికి ఇక్కడ కాగితం లేదు. నాలుగో తరం పిల్లలు బెంగాల్‌లో ఎస్సీ హాస్టల్ సీటు అడగలేరు. శ్రీకాకుళంలో అడుగుదామంటే అక్కడ నివాసం లేదు. 2020 డిసెంబరులో పశ్చిమ బెంగాల్ ప్రభుత్వం తెలుగుకు అధికార భాష గుర్తింపు ఇవ్వాలని నిర్ణయించింది. సంతోషమే. భాషను గుర్తించిన ప్రభుత్వం ఆ భాష మాట్లాడే కులాలను కూడా గుర్తించాలి. బాబాసాహెబ్‌ను 1946లో రాజ్యాంగ సభకు ఎన్నుకుని పంపింది బెంగాల్ శాసనసభే. ఆ మాట ఇక్కడి ప్రభుత్వాలకు గుర్తుచేయాల్సిన పని మనదే.

లైను గది కథ అక్కతో ముగియలేదు. అన్నకు పెళ్లయ్యాక గదిని చీరతో రెండు చేశారు. అమ్మానాన్నలు అరుగు మీదికి వచ్చారు. నాన్న రిటైరయ్యాక గది ఖాళీ చేస్తేగానీ గ్రాట్యుటీ ఇవ్వమన్నారు. ఖాళీ చేస్తే మనవల పక్క ఎక్కడ? హుగ్లీ ఒడ్డున ఇది ఒక్క ఇంటి మాట కాదు. గది పోతుందని గ్రాట్యుటీ వదులుకుని కూర్చున్న ముసలివాళ్లు ప్రతి లైనులోనూ కనిపిస్తారు.

ఏం అడగాలి?

2027 జనగణనలో కులగణన జరగబోతోంది. ఇళ్ల లెక్కలో గదుల సంఖ్య వస్తుంది. జనాభా లెక్కలో వయసు, లింగం, కులం వస్తాయి. కొత్త ప్రశ్న ఒక్కటీ అక్కర్లేదు. ఈ రెండు దశల సమాచారాన్ని కలిపి, ఒక గది ఇళ్లలో పద్నాలుగేళ్ల లోపు పిల్లలు ఎందరు, వాళ్లలో ఆడపిల్లలు ఎందరు, ఏ కులాలవాళ్లు అన్న పట్టికను ప్రచురించమని అడగాలి. సమాజశాస్త్ర, జనాభా అధ్యయన శాఖల్లో ఉన్నవాళ్లు ఈ డిమాండు ఇప్పుడే పెట్టకపోతే లెక్క వచ్చాక ఆ పట్టిక ఎవరూ వేయరు.

ఇరుకుకు కొలత జంట ఒక్కటే కాకూడదు. పదేళ్లు దాటిన ప్రతి బిడ్డకూ నిద్రకూ చదువుకూ చోటు ఉందా అన్నది గృహ కొరత నిర్వచనంలోకి రావాలి. ప్రభుత్వ ఇల్లు కుటుంబంలోని మనుషుల సంఖ్యను బట్టి మారాలి. వలస వచ్చి తరాలు గడిచిన దళిత కుటుంబాల పిల్లలకు, ఏ రాష్ట్రపు ధ్రువీకరణ పత్రం ఉన్నా, చదివే ఊళ్లో హాస్టల్ సీటు దొరకాలి. అందులో సగం సీట్లు ఆడపిల్లలవి కావాలి.

ఇక మనం చేయగలిగింది. పరిశోధక మిత్రులు బస్తీలకు, వాడలకు వెళ్లినప్పుడు ఆదాయం, చదువు, ఉద్యోగం అడుగుతారు. ఆ ప్రశ్నల పక్కన ఇంకో మూడు చేర్చండి. రాత్రి ఎవరు ఎక్కడ పడుకున్నారు? కిందటేడు ఎక్కడ పడుకునేవారు? ఎందుకు మారారు? మూడో ప్రశ్నకు జవాబు తల్లిని అడగండి, కూతురిని వేరుగా అడగండి. ఆ రెండు జవాబుల మధ్య ఉన్న తేడా మన గృహవసతి నివేదికల్లో ఇంతవరకు రాలేదు.